పద్నాలుగు గ్రాముల ‘కూడా’

పొద్దున్న ఏడున్నరకి మాంసం వస్తుంది. ఎనిమిదికల్లా కత్తులు నూరడం అయిపోతుంది. తర్వాత కోసేవాళ్లు పొడుగాటి బల్ల ముందు నిలబడి, ఎముక తీసిన మాంసాన్ని జానెడు పొడుగు, వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి తొట్టెలో వేస్తారు. తొట్టెలో ఉప్పు, మిరియాల పొడి, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి. బాగా నానాక ఆ పట్టీలు వేడిగదిలో తీగల మీదికెక్కి, దండెం మీద బట్టల్లా వేలాడి, రెండో రోజుకి చెప్పు అట్టలా గట్టిపడి దిగుతాయి. వాటిని మనుషులు ఇష్టపడి తింటారు. ఈ కథ చెప్పేవాడు ఒకసారి సరదాపడి కొరికి, ఒక పన్ను అక్కడే వదిలేసి వచ్చాడు. తప్పు పన్నుదే, పట్టీది కాదు.

దిగిన సరుకు ప్యాకింగు గదికొస్తుంది. అది తూకం పెద్దమ్మ రాజ్యం. ఇరవై రెండేళ్లుగా ఆవిడ అదే స్టూలు మీద, అదే తూకం ముందు కూర్చుంటోంది. గడియారం లాంటి గుండ్రటి తూకం, ఎర్ర ముల్లు. బల్ల కింద గోనె పట్టా మీద ఆవిడ కుక్క. చిన్నది, గోధుమరంగుది. ఒక చెవి వాలిపోయి, రెండోది ఎప్పుడూ పైకి లేచి ఉంటుంది, చెవి వెనక కలం పెట్టుకున్నట్టు. అందుకని అందరూ గుమాస్తా అంటారు. భర్త పోయాక ఇంట్లో పెద్దమ్మ మాట వినే ప్రాణి వాడొక్కడే. వినడమంటే బుద్ధిగా వినడమే, మధ్యలో అడ్డు రాకుండా.

ఆ ఊళ్లో రాతలో అబద్ధం ఉంటే బరువు తూగుతుంది. ఎక్కడైనా తూగుతుందేమో, మిగతా ఊళ్లవాళ్లు తూచి చూసుకోరంతే. పోస్టుమ్యాను ప్రేమలేఖలు ఒక భుజానికి, ఒంట్లో బాగాలేదన్న సెలవు చీటీలు ఇంకో భుజానికి తగిలించుకుని బరువు సరిచూసుకుంటాడు. పెద్ద ఆఫీసులో ఫైళ్ల గది నేల మూడుసార్లు కుంగితే, ఫైళ్లని కింది అంతస్తుకి దింపారు తప్ప ఎవరూ నోరెళ్లబెట్టలేదు. ఎవరికైనా దెబ్బ తగిలాక ఆ అబద్ధం ఇంకా బరువెక్కుతుందని కూడా అందరికీ తెలుసు. వానలో గోనెసంచి బరువెక్కదూ, అలాగే.

కాబట్టి కొత్త కవరు అచ్చయి వచ్చిందంటే పెద్దమ్మ ముందు ఖాళీ కవరు తూచేది. కాగితం బరువు పోగా మిగిలింది మాటల బరువు. అది వెనక గోడ మీద సుద్దముక్కతో రాసుకునేది. ‘అమ్మమ్మ చేతి రుచి’, నాలుగు గ్రాములు. వేడిగదిలో ఉన్నది అమ్మమ్మ కాదు, అరవై ఏళ్ల బ్రహ్మచారి. ‘కొండగాలికి ఎండినది’, మూడు గ్రాములు. ఆ గాలి ఫ్యానుది. ఆ ఏడు గ్రాముల మాంసమూ ప్రతి ప్యాకెట్లో అదనంగా వేసేది ఆవిడ.

“జనం మాంసం నములుతారు గానీ మాటలు నములుతారా?” అనేది.

ఆ మాటలు రాసేవాణ్ణి కవి అనేవాళ్లు. వెటకారానికే పెట్టారు. అతను మాత్రం బిరుదనుకున్నాడు. ఓనరు భార్యకి తమ్ముడు. అంతకుముందు మూడు ఉద్యోగాలు అతన్ని వదిలేశాయి, అతను మాత్రం తనే వాటిని వదిలేశానని చెప్పుకునేవాడు. అక్క పోరు పడలేక బావ ఒక కుర్చీ వేసి, కవర్ల మీద రాతలు రాయమన్నాడు.

ఒక సోమవారం బావ పిలిచాడు.

“ఒరే బావమరిదీ, ఈ నెల సరుకు కదల్లేదు. నిన్న బజార్లో చూశాను, కుక్కలకి పెట్టే చిరుతిళ్లు జనం ఎగబడి కొంటున్నారు. మన పట్టీ ఏం తక్కువ? అది మాంసమే, ఇది మాంసమే. ఒక ప్యాకెట్టు, ఇద్దరు గిరాకీలు. పైన నవ్వే కుక్క బొమ్మ వేసి, కింద ఏదో ఒకటి రాయి.”

కవి తల గోక్కున్నాడు. “కుక్కలకి ఉల్లి పడదంటారు కదా బావా?”

“ఎవరంటారు? కుక్క అందా?”

కవి నవ్వాడు. నవ్వాక ఇక రాయకుండా ఉండటం కుదరదు. కాగితం తీసుకుని రాశాడు:

*మనుషులకు సురక్షితం. కుక్కలకు కూడా.*

“ఆహా!” అన్నాడు బావ. “ఆ ‘కూడా’ ఉంది చూశావూ, ముద్దొస్తోంది.”

కవర్లు అచ్చయి మరుసటి సోమవారం వచ్చాయి. పెద్దమ్మ ఒకటి తీసి తూకం మీద పెట్టింది. రెండు గ్రాములు చూపించాల్సిన ముల్లు వెళ్లి పదహారు మీద ఆగింది.

పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత డ్రాయరులోంచి కత్తెర తీసింది. ముందు కుక్క బొమ్మ కత్తిరించి పెట్టింది. తూకానికి ఆనలేదు. ఆ కుక్క నిజంగానే నవ్వింది, ఫొటో తీసేనాటికి దానికి ఎవరూ ఏమీ పెట్టలేదు కాబట్టి. ‘మనుషులకు’, లేదు. ‘సురక్షితం’, లేదు. ‘కుక్కలకు’, అదీ లేదు. చివరికి గోరంత ముక్క మిగిలింది. ‘కూడా’. అది వేయగానే పళ్లెం టంగుమంది. పద్నాలుగు.

“ఇరవై రెండేళ్లలో ఇంత చిన్న మాట ఇంత బరువు తూగడం చూళ్లేదు” అంది పెద్దమ్మ. ఆ ముక్క చిటికెన పట్టుకుని నేరుగా ఓనరు గదికి వెళ్లింది.

ఓనరు విని, మొహం వెలిగిపోయి, “పద్నాలుగా? అయితే పద్నాలుగు గ్రాముల మాంసం తగ్గించి వెయ్యి పెద్దమ్మా. ప్యాకెట్టుకి ముల్లు వంద గ్రాములు చూపిస్తే చాలు కదా!” అన్నాడు.

పెద్దమ్మ ఆ ముక్కని ఓనరు బల్ల మీద పెట్టింది. ఇక ఆగలేదు.

“సిగ్గుండాలి బాబూ. ‘అమ్మమ్మ చేతి రుచి’ అన్నావు, ఊరుకున్నాను. తిన్నవాడికి పోయేదేముంది, అమ్మమ్మ గుర్తొస్తుంది, అంతే. ఇదట్లా కాదు. మనిషైతే చదువుకుంటాడు, ఆలోచించుకుంటాడు, చేదుగా ఉంటే ఉమ్మేస్తాడు. కుక్క ఏం చేస్తుంది? పెట్టిన చేతిని చూసి తింటుంది. ఆ పెట్టే చెయ్యేమో నీ రాతని చూసి పెడుతుంది. నోరులేనిదాని పళ్లెంలో అబద్ధం వడ్డిస్తావా? ఆ ఒక్క మాట తీసెయ్.”

“అచ్చయిపోయింది పెద్దమ్మా. రెండు వేల కవర్లు. శుక్రవారం నాలుగింటికి వ్యాను వస్తుంది.”

“రానీ. అంతదాకా రోజూ వస్తాను నేను.”

వచ్చింది కూడా. రోజంతా ప్యాకెట్లు తూచేది. పద్నాలుగు గ్రాములూ తగ్గించకుండా నిండుగా వేసేది. సాయంత్రం కాగానే ఓనరు గుమ్మంలో నిలబడి అదే మాట అడిగేది. ఓనరు ఒకరోజు ఫోను మాట్లాడినట్టు నటించాడు. ఇంకోరోజు నిజంగా ఫోనొస్తే దేవుడే చేశాడనుకున్నాడు.

ఇటు కవికి మండింది. తను రాసినవాటిలో ‘కూడా’ ఒక్కటే బావకి నచ్చిన మాట. దాన్ని కత్తిరించి, గదంతా చూస్తుండగా పళ్లెంలో పడేసి టంగుమనిపించడమా! తూకానిదే తప్పని రుజువు చేస్తానని పంతం పట్టాడు. రుజువు ఎదురుగానే ఉంది, బల్ల కింద, ఒక చెవి లేపుకుని.

పెద్దమ్మ టీకి లేచినప్పుడల్లా కవి గుప్పెడు పట్టీలు తెచ్చి బల్ల కిందికి చెయ్యి చాపేవాడు. గుమాస్తా ముందు వాసన చూసేవాడు, ఆపైన తోకతో సంతకం పెట్టేవాడు. సోమవారం గుప్పెడు. మంగళవారం గుప్పెడు. బుధవారం కవి రాకముందే వాడు లేచి నిలబడి ఎదురుచూశాడు.

“చూశావా! నీకన్నా తెలుసు” అన్నాడు కవి, వాడి తల నిమురుతూ. కోసేవాళ్లలో ఒకడు చూసి, “పెద్దమ్మ చూసిందంటే నిన్ను పట్టీలుగా కోస్తుంది కవిగారూ” అన్నాడు. “రుజువు చేస్తున్నానయ్యా” అన్నాడు కవి.

బుధవారం సాయంత్రమే వాడు నేల తుడిచే బక్కెట్లో నీళ్లు గటగటా తాగాడు. ఉక్కపోతేమో అనుకుంది పెద్దమ్మ. గురువారం మధ్యాహ్నం ఆవిడ టీ తాగి వచ్చేసరికి, వాడు గోనె పట్టా మీద వాంతి చేసుకుని పక్కకి ఒరిగి ఉన్నాడు. ఎప్పుడూ లేచి ఉండే చెవి వాలిపోయింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

పెద్దమ్మ వాణ్ణి చీర కొంగులో ఎత్తుకుంది. కవి వెనకే పరిగెత్తాడు.

పశువుల డాక్టరమ్మ గుమాస్తాని బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు చూసి, పొట్ట నొక్కి, మూత్రం టీ డికాషను రంగులో వస్తోందా అని అడిగింది. నిన్నటి నుంచీ అంతేనంది పెద్దమ్మ.

“ఉల్లిపాయ తిన్నాడా? వెల్లుల్లి?”

“మా ఇంట్లో వాడికి పెట్టను డాక్టరమ్మా. వట్టి అన్నమూ, ఉడికించిన మాంసమూ.”

“మరెవరు పెట్టారు? ఏదో పెట్టారు.”

కవి జేబులోంచి ఖాళీ కవరు తీశాడు. “ఇదండీ. రోజుకో గుప్పెడు, నాలుగు రోజులు. దీని మీద... కుక్కలకి పెట్టొచ్చని రాసుంది.”

డాక్టరమ్మ కవరు అందుకుంది. చెయ్యి కిందికి జారిపోయింది. రెండో చేత్తో పట్టుకుని, “అబ్బో” అంది. చదివింది. మొహం ఎర్రబడింది.

“ఇది మనుషులకోసం చేసిన సరుకు. ఉప్పూ, ఉల్లీ, వెల్లుల్లీ లేకుండా వట్టి మాంసం ఎండబెట్టి, చిన్న ముక్క ఎప్పుడైనా పెడితే ఏ గొడవా లేదు. ఇందులో ఆ మూడూ ఉన్నాయి. ఉల్లీ వెల్లుల్లీ పచ్చివైనా, వండినవైనా కుక్కకి విషమే, పొడైతే మరీ చిక్కన. నెత్తురు లోపల్లోపలే విరిగిపోతుంది. ఆ ఉప్పుకేమో దాహం. ఏడు కిలోల ప్రాణం వీడు! ఎవడండీ ఇది రాసింది? వాణ్ణి నా ముందుకు తీసుకురండి!”

“వచ్చానండీ” అన్నాడు కవి.

డాక్టరమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. తిట్టడానికి చాలా మాటలు ఎంచుకున్నట్టుంది. ఏదీ సరిపోలేదేమో, సూది మందు ఎక్కించడానికి అటు తిరిగింది. “రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేను” అంది గోడవైపు చూస్తూ.

పెద్దమ్మ కవి వంక చూడనే లేదు. గుమాస్తా వాలిన చెవిని వేళ్లతో మెల్లిగా లేపి పట్టుకుంది. వదిలితే మళ్లీ వాలిపోయింది.

“పెద్దమ్మా...”

“ఇక్కడ నీకు పని లేదు నాయనా. వీడిది డాక్టరమ్మ చూసుకుంటుంది. నీ పని అక్కడుంది. రెండు వేలు. రేపు నాలుగింటికి పోతాయి. వెళ్లు.”

కవి తిన్నగా బావ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. బావ పాపం అన్నాడు, మందులు తను ఇప్పిస్తానన్నాడు, ఆ తర్వాత అసలు మాట అన్నాడు. “ఒక కుక్కకి పడలేదని సరుకాపేస్తామా? నువ్వు గుప్పెళ్లకి గుప్పెళ్లు పెట్టావు. జనం ఒకటో రెండో పెడతారు.”

“ఎన్ని పెట్టాలో మనం రాయలేదు బావా. పెట్టొచ్చని రాశాం. నాకే తెలీలేదు ఎంత పెట్టాలో, రాసినవాణ్ణి!”

“నీకేం తెలుసు గనక, ఇది తెలియడానికి?” అన్నాడు బావ, తలుపు మూసుకుంటూ.

శుక్రవారం వ్యాను మూడింటికే వచ్చింది. ఇరవై పెట్టెలు, పెట్టెకి వంద ప్యాకెట్లు. నిన్న ఒక్కడు భుజాన వేసుకుని మోసిన పెట్టెని ఇవాళ నలుగురు ఈడ్చారు. పదో పెట్టెకి వ్యాను వెనక భాగం కుంగింది. ఇరవయ్యో పెట్టెకి టైర్లు రొట్టెల్లా పరుచుకున్నాయి. డ్రైవరు ఇంజను వేశాడు. వ్యాను మూలిగి, పొగ వదిలి, ఉన్నచోటే ఉంది.

డ్రైవరు దిగి వచ్చాడు. “ఏం వేశారు సార్, ఇనుమా?”

“మాంసమయ్యా. ఎండు మాంసం. దూది లెక్క” అన్నాడు ఓనరు.

డ్రైవరు ఒక ప్యాకెట్టు తీసి, చేత్తో అటూ ఇటూ ఊపి చూశాడు. పాతకాపు, చాలా సరుకు మోసినవాడు. “మాంసం తేలికే సార్. మాట బరువుంది. మాటలు మోసే బండి కాదిది. దింపండి.”

“సగం దింపి వెళ్లు!”

“మీరు నెడతారా సార్?”

కోసేవాళ్లు కత్తులు వదిలి గుమ్మంలోకి వచ్చారు. వేడిగది బ్రహ్మచారి తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఓనరు అందరినీ పేరుపేరునా తిట్టాడు. తిట్లకి బరువు లేదు, అవి నోటిమాటలు.

కవి వ్యానెక్కి ఒక పెట్టె చింపాడు. జేబులోంచి నల్ల సిరా కలం తీశాడు. ఆ వాక్యం మొత్తం కొట్టేద్దామనుకున్నాడు. ‘మనుషులకు సురక్షితం’ దగ్గర చెయ్యాడలేదు, అది నిజమే కదా. ‘కుక్కలకు’ దాటి ‘కూడా’ దగ్గరికొచ్చాడు. కలం అక్కడ ఆగింది. తను రాసిన మాటని అతను చదవడం అదే మొదటిసారి. డా మీది దీర్ఘం కొట్టేశాడు. పక్కన ఒక ‘దు’ చేర్చాడు.

*మనుషులకు సురక్షితం. కుక్కలకు కూడదు.*

చేతిలో ప్యాకెట్టు ఇటుకలా ఉన్నది కాస్తా పిచ్చుకలా అయింది. పైనున్న కుక్క నవ్వుతూనే ఉంది. ఇప్పుడు ఆ నవ్వుకి ఒక కారణం కనిపించింది.

“ఒరే, దిగరా కిందికి! అచ్చయిన సరుకు మీద గీస్తావా?” అని బావ అరిచాడు.

“ఒక దీర్ఘం తీస్తున్నాను బావా, అంతే.” కవి రెండోది అందుకున్నాడు. మూడోది. పెట్టె సగమయ్యేసరికి అతని పక్కన వేడిగది బ్రహ్మచారి కూర్చుని, “నాకు రాయడం సరిగ్గా రాదు గానీ, కొట్టేయడం వచ్చు. నేను దీర్ఘాలు కొడతా, నువ్వు దులు పెట్టు” అన్నాడు. కోసేవాళ్లు చేతులు కడుక్కుని వచ్చారు. ఆఫీసు నుంచి కలాలొచ్చాయి. ఒక్కో పెట్టె అయ్యేకొద్దీ వ్యాను ఒక్కో అంగుళం లేచింది.

ఓనరు భార్య ఈ గోలకి ఇంట్లోంచి వచ్చింది. విషయం విని, ఒక కలం తీసుకుని, చెంగు బిగించి కూర్చుంది.

“నువ్వు కూడానా?” అన్నాడు ఓనరు.

“‘కూడా’ అనకండి ఇవాళ. పెళ్లికి ముందు మీరు రాసిన ఉత్తరాలు దాస్తే బీరువా అర విరిగింది, గుర్తుందా? ఏదో నాకేగా అని ఊరుకున్నాను. నోరులేనివాటికి రాస్తే ఊరుకుంటానా?”

డ్రైవరు నవ్వు ఆపుకోలేక ఇంజను బాగుచేసే వంకన బానెట్ కింద తల పెట్టాడు. ఓనరు కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. చివరికి, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ ఒక ప్యాకెట్టు తీసుకుని దీర్ఘం కొట్టాడు. అందరూ చూశారు.

వ్యాను ఆరున్నరకి కదిలింది. దూది లెక్క వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్న తూకం పెద్దమ్మ వచ్చింది. సంచిలో మందులు, చంకలో గుమాస్తా. వాడు సగమయ్యాడు, కానీ ఉన్నాడు. గోనె పట్టా మారిపోయి కొత్తది పరిచి ఉంటే, అనుమానంగా వాసన చూసి పడుకున్నాడు. చెవి సగం దాకా లేచింది.

కవి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాలుగు రోజులుగా అనుకుంటున్న మాట అన్నాడు. “పెద్దమ్మా, తెలియక చేశాను. మన్నించండి.”

పెద్దమ్మ తలెత్తలేదు. బల్ల మీదున్న కాగితం ముక్కని అతని వైపు జరిపింది. “రాసివ్వు.”

కవి రాశాడు. ‘తెలియక చేసిన తప్పు. మన్నించండి.’ ఇచ్చాడు. పెద్దమ్మ దాన్ని తూకం మీద పెట్టింది.

ముల్లు కదిలింది. ఆరు గ్రాములు.

గదిలో కోసేవాళ్లు గోడల వంక చూశారు. పెద్దమ్మ కత్తెర తీయలేదు. ఏ మాటో కవికి తెలుసు. కుక్కలకి ఉల్లి పడదంటారు కదా బావా, అని అడిగింది తనే. కుక్క అందా అంటే నవ్వింది తనే.

ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో ముక్క చింపాడు. ఈసారి చాలాసేపు పట్టింది, రాసింది మాత్రం రెండే ముక్కలు.

‘తెలిసే రాశాను. తెలిసే పెట్టాను.’

పెద్దమ్మ తూకం మీద పెట్టింది. ముల్లు సున్నా మీద నిలబడింది. ఆవిడ వేలితో పళ్లెం అంచు ఒకసారి తట్టింది. ముల్లు వణికి, మళ్లీ సున్నాకే వచ్చింది.

పెద్దమ్మ సుద్దముక్క తీసుకుని గోడవైపు తిరిగింది. అమ్మమ్మ చేతి రుచి, నాలుగు. కొండగాలి, మూడు. కూడా, పద్నాలుగు. దాని కింద రాసింది: కవి, సున్నా.

బళ్లో చదివేటప్పుడు అతనికి సున్నాలు చాలానే వచ్చాయి. దేన్నీ ఇలా నిలబడి చూసుకోలేదు.

“ఇకమీదట నువ్వేం రాసినా అచ్చుకి పోయేముందు ఈ బల్ల మీదికి రావాలి” అంది పెద్దమ్మ. “మీ బావకి చెప్పేశాను. మీ అక్క ఊఁ అంది.”

కవి తలూపి, వంగి, బల్ల కిందికి ఖాళీ చెయ్యి చాపాడు. గుమాస్తా వేళ్ల నుంచి మణికట్టు దాకా, ఫైలు తిరగేసినట్టు నిదానంగా వాసన చూశాడు. తోక ఊపలేదు. మొహం పక్కకి తిప్పుకుని పడుకున్నాడు.

సంతకానికి ఇంకా టైముంది.